ఐరిష్ పేరుకు అసలు అర్థం పట్టుకోవడం ఎలా?

పోయినేడాది మా పిన్ని కూతురు పాపకి బారసాల చేసింది. పేరు అప్పటికే ఖాయం: కియారా. పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాయించే టైముకి డబ్లిన్‌లో ఉన్న నాకు వీడియో కాల్ వచ్చింది. "అన్నయ్యా, ఇది ఐరిష్ పేరట కదా. ఒక సైట్లో నల్లనిది అని ఉంది, ఇంకో సైట్లో వెలుగు అని ఉంది. ఏది రైటు?" వెనకాల నిలబడ్డ వాళ్ళత్తగారి మొహంలో టెన్షన్ ఫోన్లోంచి కూడా కనిపిస్తోంది.

రెండూ రైటే. ఎందుకంటే అవి రెండు వేరే పేర్లు. ఐరిష్ పేరు సి-ఐ-ఎ-ఆర్-ఎ. దాన్ని 'కీర' అని పలుకుతారు, నలుపు అనే మాటలోంచి పుట్టింది. ఇటాలియన్ పేరు సి-హెచ్-ఐ-ఎ-ఆర్-ఎ. దాన్ని 'కియారా' అంటారు, లాటిన్ 'క్లారా'లోంచి వచ్చింది, వెలుగు అని అర్థం. ముందు 'కె' పెట్టి ఇంగ్లీషులో రాసేసరికి రెండూ ఒకటైపోయాయి. మనవాళ్ళ నోట్లో పలికేది ఇటాలియన్ పేరే కాబట్టి అత్తగారు నిశ్చింతగా ఉండొచ్చని చెప్పాను. బారసాల సజావుగా జరిగింది.

పేర్ల సైట్లు ఇలా విడదీసి చెప్పవు. ఒకదాన్ని చూసి ఇంకొకటి ఎత్తి రాసుకుంటాయి. మీ పాపకో బాబుకో ఐరిష్ పేరు అనుకుంటున్నా, ఆఫీసులో ఐరిష్ పేరున్న వాళ్ళతో పని పడినా, అర్థం మీరే తేల్చుకోవచ్చు. ఒక్కో పేరుకి అరగంట చాలు. స్పెల్లింగులు ఇంగ్లీషు అక్షరాల పేర్లతో చెబుతున్నాను, ఓ కాగితం మీద రాసుకుంటూ చదవండి.

ముందు పేరుకి ఇంగ్లీషు వేషం తీసెయ్యండి

మీ చేతికొచ్చిన పేరు చాలాసార్లు ఇంగ్లీషువాళ్ళ నోటికి తగ్గట్టు మార్చినది. దాని ఐరిష్ స్పెల్లింగు దొరికేదాకా అర్థం జోలికి పోవద్దు. రోరీ అసలు స్పెల్లింగు ఆర్-యు-ఎ-ఐ-ఆర్-ఐ. కెవిన్ అసలు స్పెల్లింగు సి-ఎ-ఓ-ఐ-ఎమ్-హెచ్-ఐ-ఎన్. మేవ్ అసలు స్పెల్లింగు ఎమ్-ఇ-ఎ-బి-హెచ్.

దీనికో సులువైన పరీక్ష ఉంది. ఐరిష్ సంప్రదాయ వర్ణమాలలో 18 అక్షరాలే. జె, కె, క్యు, వి, డబ్ల్యు, ఎక్స్, వై, జెడ్ అందులో లేవు. పేరులో వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మీరు చూస్తున్నది మార్చి రాసిన రూపమని లెక్క.

ఇంకో చిక్కుంది. ఇంగ్లీషు పాలన నడిచిన కాలంలో రిజిస్టర్లలో ఐరిష్ పేరు రాయకుండా, కాస్త దగ్గరగా వినిపించే ఇంగ్లీషు పేరో బైబిలు పేరో రాసేవారు. అలా టైగ్ తిమోతి అయ్యాడు. ఓవెన్ యూజీన్ అయ్యాడు. ఫినీన్ అనే మగాయన ఫ్లోరెన్స్ అయిపోయాడు పాపం. సొరహ అంటే వెలుగు. ఆమెని సారా అని రాశారు, కానీ సారా హీబ్రూ పేరు, దానర్థం రాకుమారి. ఆ అర్థాన్ని తెచ్చి సొరహకి అంటించకూడదు. ఈ జతల్లో నాకు నచ్చింది గొబ్నిట్. కార్క్ జిల్లా బాలీవర్నీలో ఆమె తేనెటీగల పెంపకందార్లని కాపాడే సెయింట్. ఆ పేరుకి బదులుగా వాడిన పేర్లలో ఒకటి డెబోరా. హీబ్రూలో డెబోరా అంటే తేనెటీగ! గొబ్నిట్‌కి మాత్రం మూలం తేనెటీగ కాదు, కమ్మరి అనే మాట.

తర్వాత బయటికి చదవండి

నేను ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక మీటింగులో పేర్లు చదవాల్సొచ్చింది. ఎన్-ఐ-ఎ-ఎమ్-హెచ్ అని ఉంటే 'నియామ్' అని పిలిచాను. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాను. ఎదురుగా కూర్చున్నావిడ నవ్వుతూ "నీవ్" అంది. నాకది "నీవు" అని వినిపించి, నేనా అని నావైపు చూపించుకున్నాను.

ఐరిష్ స్పెల్లింగు చూడ్డానికే భయం. దానికి నియమాలున్నాయి, ఇంగ్లీషు కంటే పద్ధతిగానే ఉంటుంది. నాలుగు గుర్తుపెట్టుకుంటే ముప్పావు వంతు పేర్లు చదివేయొచ్చు.

అచ్చు మీద వాలుగా ఉండే గీతని ఫాడా అంటారు. ఐరిష్‌లో ఆ మాటకి అర్థం 'పొడుగు'. మన దీర్ఘమే, ఇంకేం చెప్పక్కర్లేదు. దీర్ఘం తీసేస్తే మనకి 'పాలు' 'పలు' అయినట్టే వాళ్ళకీ మాట మారిపోతుంది. ఎస్-ఇ-ఎ-ఎన్ రాసి 'ఎ' మీద ఫాడా పెడితే షాన్, అంటే జాన్. ఫాడా లేకపోతే అది పేరు కాదు, 'ముసలి, పాత' అనే విశేషణం. ఆర్-ఐ-ఎ-ఎన్‌లో 'ఐ' మీద ఫాడా ఉంటే రీయన్, చిన్న రాజు. లేకపోతే 'జాడ, గుర్తు' అనే మామూలు మాట.

హల్లు పక్కన 'హెచ్' వస్తే అది మన ఒత్తు కాదు, హల్లుని మెత్తబరుస్తుంది. బి-హెచ్, ఎమ్-హెచ్ రెండూ ఎక్కువగా 'వ' అవుతాయి, అందుకే వాళ్ళకి 'వి' అక్షరం అవసరం పడలేదు. డి-హెచ్, జి-హెచ్ పేరు మధ్యలో, చివర చాలావరకు మాయమైపోతాయి. టి-హెచ్ 'హ' అవుతుంది. కాబట్టి సి-ఎ-టి-హెచ్-ఎ-ఎల్ 'కాతల్' కాదు, కాహల్.

'ఎస్' పక్కన 'ఐ' కానీ 'ఇ' కానీ ఉంటే 'ష'. అందుకే షివాన్, షినేడ్, రోషీన్. 'సి' ఎప్పుడూ 'క'.

'ఎ-ఓ' జంట చాలాచోట్ల 'ఈ'. ఎ-ఓ-ఐ-ఎఫ్-ఇ ఈఫ. సి-ఎ-ఓ-ఐ-ఎమ్-హెచ్-ఇ ఉత్తరాన కీవ, దక్షిణాన క్వీవ.

ఈ ఉత్తరం దక్షిణం తేడాకి కంగారు పడకండి. కోస్తా యాస, తెలంగాణ యాస ఉన్నట్టే అక్కడ అల్స్టర్, కానక్ట్, మన్స్టర్ యాసలున్నాయి. ట్యాంగ్లన్ అనే ఆన్‌లైన్ డిక్షనరీలో ఒకే మాటని మూడు యాసల్లోనూ పలికించి వినొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు. స్వేచ్ఛ అనే అర్థమున్న పేరు సీర్ష, సర్ష, సోర్ష అని ముగ్గురు మూడు రకాలుగా అంటారు. నటి సర్ష రోనన్ పుణ్యమా అని ఒకటి ప్రపంచమంతా తెలిసింది కానీ మిగతావీ తప్పు కావు.

ఒకలాగే పలికే రెండు పేర్లుంటే మాత్రం స్పెల్లింగు అడగాల్సిందే. ఇ-ఓ-ఐ-ఎన్, ఇ-ఓ-జి-హెచ్-ఎ-ఎన్ రెండూ ఓవెన్ లాగే వినిపిస్తాయి. మొదటిది లాటిన్ నుంచి వచ్చిన జాన్. రెండోది అచ్చ ఐరిష్, 'యూ చెట్టుకి పుట్టినవాడు'. టిరోన్ జిల్లా పేరుకి అర్థం ఈ రెండో ఓవెన్ గారి నేల అనే.

ఇప్పుడు సంధి విడగొట్టినట్టు ముక్కలు చెయ్యండి

అసలు మజా ఇక్కడే. ముందు తోక చూడండి. 'ఆన్', 'ఈన్' అని దీర్ఘంతో ముగిస్తే అది ముద్దుకి పెట్టే తోక. మనం బుజ్జి, చిట్టి, చిన్ని అని ముందు తగిలిస్తాం, వాళ్ళు వెనక తగిలిస్తారు. కీరాన్ అంటే బుజ్జి నల్లవాడు. రోనాన్ బుజ్జి సీల్, అంటే సముద్రంలో ఉండే జంతువు. ఫేలాన్ బుజ్జి తోడేలు. ఒషీన్ బుజ్జి జింక. రోషీన్ బుజ్జి గులాబీ. ఏడాన్ బుజ్జి నిప్పు.

తోక తీసేశాక మిగిలిన ముక్క ఎక్కువగా రంగో, జంతువో, చెట్టో అవుతుంది. ఫిన్ తెలుపు, కీయర్ నలుపు, రూ ఎరుపు, డన్ గోధుమ. ఫినూలా అంటే తెల్లని భుజాలది. జంతువుల్లో కుక్కకి పెద్ద పీట. మన దగ్గర ఎవర్నైనా కుక్క అంటే గొడవైపోతుంది కదా. అక్కడ వేటకుక్క అంటే వీరుడు. వాళ్ళ పురాణాల్లో మహావీరుడు కూహులిన్ చిన్నప్పటి పేరు షేటాంట. కులన్ అనే కమ్మరి కాపలా కుక్కని చంపేసి, దానికి బదులుగా తానే కాపలా కాస్తానన్నాడు. అందుకే అతను 'కులన్ గారి కుక్క' అయ్యాడు. కానర్ అనే పేరులో మొదటి ముక్క కూడా ఈ కుక్కే, 'వేటకుక్కలంటే ప్రాణమైనవాడు' అని చెబుతారు.

ఇప్పుడు రూరీని తీసుకోండి, పైన చెప్పిన రోరీకి అసలు ఐరిష్ రూపం ఇదే. రూ అంటే ఎరుపు, రీ అంటే రాజు. ఎర్ర రాజు. అంతే. కానీ ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ 'రూ', మన 'రుధిరం' ఒకే మూలం నుంచి పుట్టాయి. ఆ 'రీ', మన 'రాజు' కూడా అంతే. ఐరిష్, సంస్కృతం రెండూ ఇండో-యూరోపియన్ కుటుంబానివి. తెలుగు ఆ కుటుంబం కాకపోయినా, సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలు మన నోట్లో రోజూ ఆడుతుంటాయి కాబట్టి మనకిదో లాభం. ఏడాన్‌లో ఉన్న నిప్పు, మన 'ఇంధనం' ఒకే ధాతువు. బ్రిజిడ్, 'బృహత్' ఒకే మూలం, అంటే ఉన్నతమైనది. మేవ్, 'మధువు' ఒకటే, అంటే మత్తెక్కించేది. ఆ మేవ్ కానక్ట్ రాణి. మొగుడితో ఆస్తులు లెక్కేసుకుని, అతనికి ఒక్క ఎద్దు ఎక్కువుందని తేలేసరికి, సాటి ఎద్దు కోసం ఏకంగా యుద్ధానికే వెళ్ళింది. పేరుకి తగ్గ మనిషి.

అయితే ఐరిష్ సంస్కృతంలోంచి పుట్టిందని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చెయ్యకండి. రెండిటికీ ముత్తాత ఒకరే, ఒకదానికి ఒకటి తల్లి కాదు.

వినడానికి ఒకలా ఉన్నంత మాత్రాన చుట్టరికం కలపకూడదు కూడా. షివాన్‌కీ శివుడికీ సంబంధం లేదు. షీలా మనకి శీలం, అక్కడ లాటిన్ సిసీలియా, దాని మూలం 'గుడ్డి' అనే మాట. తార మనకి చుక్క, అక్కడ పూర్వం రాజులకి పట్టాభిషేకం చేసిన మీత్ జిల్లా కొండ. అన్నిటికంటే చిత్రం కిరణ్, కీరాన్. మనది వెలుగు రేఖ, వాళ్ళది బుజ్జి నల్లవాడు. చెవికి ఒక్కటే, అర్థం సరిగ్గా తిరగబడింది. మధువూ మేవ్ చెవికి ఏమాత్రం కలవవు, కానీ అక్కచెల్లెళ్ళు.

ఆ పేరు ఎక్కడి నుంచి ఓడ ఎక్కిందో చూడండి

ముక్కలు చేస్తే ఏ ఐరిష్ మాటా తగలకపోతే అది బయటి నుంచి వచ్చిన పేరై ఉంటుంది. 1169లో నార్మన్లు దిగారు. వాళ్ళ ఫ్రెంచి పేర్లని ఐరిష్ వాళ్ళు తమ నోటికి తిప్పుకున్నారు. షాన్, షివాన్, షినేడ్ మూడూ అలా వచ్చినవే, మూడిటి వెనకా ఉన్నది హీబ్రూ మాట, 'దేవుడు దయ చూపాడు'. ఐరిష్ పేరు అనగానే అందరికీ గుర్తొచ్చే లియమ్ నిజానికి విలియమ్‌లో వెనక సగం. విలియమ్ జర్మానిక్ పేరు, సంకల్పం, శిరస్త్రాణం అనే రెండు మాటలు. పాడ్రిగ్ లాటిన్ ప్యాట్రీషియస్. కొలమ్ లాటిన్ పావురం. 563లో అయోనా మఠం కట్టిన సెయింట్ కొలంబా ఇతనే.

ఇలా బయట నుంచి వచ్చిందని తేలితే నిరాశ పడక్కర్లేదు. ఎనిమిది వందల ఏళ్ళుగా ఉన్న పేరుని పరాయిదని ఎవరంటారు? అర్థం చెప్పేటప్పుడు మాత్రం హీబ్రూ అనో లాటిన్ అనో చెప్పండి.

ఆ పేరు ఎవరిదో అడగండి

మా టీములో ఉన్న ఒకావిడని పేరుకి అర్థమేంటని అడిగితే "మా అమ్మమ్మ పేరు" అంది. అది తప్పించుకునే జవాబు కాదు. ఇక్కడి పాత పద్ధతిలో పెద్ద కొడుక్కి నాన్న వైపు తాత పేరు, రెండోవాడికి అమ్మ వైపు తాత పేరు, పెద్ద కూతురికి అమ్మమ్మ పేరు, రెండో కూతురికి నానమ్మ పేరు పెట్టేవారు. మనకి చెప్పాలా!

కాబట్టి నిఘంటువుతో ఆగకుండా ఆ పేరు మోసినవాళ్ళ కథ చూడండి. ఈఫ అంటే అందం, కాంతి. బాగుంది. కానీ లిర్ పిల్లల కథలో నలుగురు సవతి పిల్లల్ని 900 ఏళ్ళపాటు హంసలుగా మార్చేసిన పినతల్లి పేరూ ఈఫే. ఇంకో ఈఫ కూహులిన్‌తో తలపడిన యోధురాలు. ఇంకొకామె 1170లో వాటర్‌ఫర్డ్‌లో నార్మన్ నాయకుడు స్ట్రాంగ్‌బోని పెళ్ళాడిన రాకుమారి. మనం ఎంత మంచి అర్థమున్నా కైకేయి అని పెట్టుకోం. వాళ్ళు ఆ పినతల్లిని పట్టించుకోకుండా ఈఫ అని హాయిగా పెట్టుకుంటారు. మీకు పట్టింపు ఉంటే ముందే తెలుసుకోండి.

ఇంకో విషయం వింతగా అనిపిస్తుంది. ప్యాట్రిక్ పేరు ఐర్లాండులో శతాబ్దాలపాటు ఎవరూ పెట్టుకోలేదు. సెయింట్ పేరు నేరుగా పెట్టడం అపచారమనుకునేవారు. 'మ్వీల్ పాడ్రిగ్' అని, అంటే పాడ్రిగ్ భక్తుడు అని పెట్టేవారు. మన రామదాసు, ఏసుదాసు లాగన్నమాట. మలోన్ అనే ఇంటిపేరు ఇలాంటిదే, సెయింట్ జాన్ భక్తుడి వంశం. మేరీమాతకి ఇప్పటికీ 'ముర' అనే పేరు ప్రత్యేకం, మామూలు ఆడవాళ్ళకి 'మోయ్ర'. ఇంటిపేరులో 'మల్', 'గిల్' కనిపిస్తే ఈ దాసుల్ని గుర్తు తెచ్చుకోండి.

అక్కడ నిజంగా పెట్టుకుంటారా?

కొలీన్ అమెరికాలో పేరు. ఐరిష్‌లో అది 'అమ్మాయి' అనే మామూలు మాట, డబ్లిన్‌లో కొలీన్ అనే ఆవిడ నాకింకా తగల్లేదు. ఎరిన్ అంటే ఐర్లాండే, వ్యాకరణంలో విభక్తి చేరిన రూపం. షానన్ నది పేరు. ఇవి ఎక్కువగా వలస వెళ్ళినవాళ్ళు ఊరి మీద బెంగతో పెట్టుకున్న పేర్లు.

దీన్ని తేల్చడానికి రెండు చోట్లు చూడండి. ఐర్లాండు గణాంకాల కార్యాలయం 1964 నుంచి పిల్లల పేర్ల లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టింది, ఏ ఏడాది ఎంతమందికి ఆ పేరు పెట్టారో తెలుస్తుంది. 1901, 1911 జనాభా లెక్కల కాగితాలు జాతీయ ఆర్కైవ్స్ సైట్లో ఉచితంగా ఉన్నాయి. పాత లెక్కల్లో లేకుండా కొత్త లెక్కల్లో ఉంటే అది కొత్త పేరు. సీర్ష స్వాతంత్ర్య పోరాటం తర్వాత పేరుగా మారిన మాట. ఫీయా (ఎఫ్-ఐ-ఎ-డి-హెచ్) జింక అనే మాటకి పాత స్పెల్లింగు. నిన్నమొన్నటి పేరు, కానీ 2021లో ఆడపిల్లల పేర్లలో మొదటి స్థానం దానిదే. 'అతి ప్రాచీన ఐరిష్ నామం' అని ఏ సైటైనా వీటి గురించి రాస్తే ఆ సైటు మూసెయ్యండి.

ఇక ఫారం నింపడం

ఐర్లాండులో పుట్టిన బిడ్డ పేరు మూడు నెలల్లోపు రిజిస్టర్ చేయించాలి. వెళ్ళేముందు స్పెల్లింగు ఫాడాతో సహా కాగితం మీద పెద్దగా రాసుకెళ్ళండి, నోటితో చెబితే ఓవెన్ ఏ ఓవెన్ అవుతాడో తెలీదు. పాస్‌పోర్టు కింద మిషన్ చదివే రెండు లైన్లలో ఫాడా రాదు, విమానం టికెట్లోనూ రాదు, దాని గురించి కంగారు వద్దు.

ఇంట్లోవాళ్ళకి మాత్రం ఇంగ్లీషు స్పెల్లింగు పంపకండి. తెలుగులో రాసి పంపండి. ఐదక్షరాల నీవ్ మన లిపిలో రెండక్షరాలు, మా అమ్మ మొదటిసారే సరిగ్గా చదివింది. కాకపోతే హల్లుతో ఆగడం మన నాలుకకి అలవాటు లేదు కాబట్టి వారం తిరిగేసరికి అది 'నీవు' అయిపోతుంది. అది ఇష్టం లేకపోతే చివర అచ్చున్న ఈఫ, కీవ, ఫీయా లాంటివి చూసుకోండి.